బాలవేటగాని తుపాకి

వేట మానవుని అతి ప్రాచీనమైన వృత్తులలో ఒకటి. రాతి ఈటె నాటి నుండి రైఫిలు నాటి వరకు ప్రతి ఆయుధమూ వేటగానికి ఒకే ప్రశ్న వేస్తూ వచ్చింది: విడిచిన దెబ్బ గురిపెట్టిన చోటనే తగులుతుందా? చేయి తిరిగిన వేటగానికి ఇది అంత కష్టమైన ప్రశ్న కాదు. కొత్తగా నేర్చుకొనే బాలునికి మాత్రం ఇది కఠినమైనదే. అతని భుజం లేతది, చేయి పొట్టిది. తుపాకి చప్పుడుకు ముందే కన్ను మూసుకొనే వయస్సు అతనిది. అట్టివాని చేతికి తగని ఆయుధం ఇచ్చినచో గురి తప్పుతుంది. గురి పూర్తిగా తప్పితే పోయేది ఒక్క తూటాయే. సగం తప్పితేనే ప్రమాదం. గాయపడిన జంతువు చావక, బ్రతుకక అడవిలోకి పోతుంది. ఆ గాయానికి మూల్యాన్ని ఒక్కొక్కప్పుడు మనుష్యులే తమ ప్రాణాలతో చెల్లించవలసి వచ్చింది.

అందుచేతనే పిల్లలకు వేట నేర్పే ఆచారం గల దేశాలలో, మొదటి తుపాకిని ఎన్నుకొనే పని పెద్దలు తమ మీద వేసుకొన్నారు. వారు చూడవలసిన విషయాలు మూడు. తూటా తిన్నగా పోవాలి. భుజం తుపాకి తన్నును ఓర్చుకోవాలి. కన్ను గురిని స్పష్టంగా చూడాలి. ఈ మూడు అవసరాలూ తీరడానికి సుమారు 400 సంవత్సరాలు పట్టింది.

బొంగరం నేర్పిన పాఠం

తొలినాటి తుపాకుల గొట్టాలు లోపల నున్నగా ఉండేవి. వాటిలో వేసే సీసపు గుండు గొట్టం కంటె కొంచెం చిన్నది. మందు అంటుకొనగానే ఆ గుండు ఇటు అటు గోడలకు ఒరుసుకొంటూ బయటకు వచ్చేది. చివరకు ఏ గోడను ఒరుసుకొని వచ్చిందో దానినిబట్టి ఏదో ఒక వైపుకు పొర్లుతూ పోయేది. ఒకే వేటగాడు ఒకే తుపాకితో పది దెబ్బలు కొడితే, పదీ పది చోట్ల తగిలేవి.

15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దం ప్రారంభంలో జర్మన్ ప్రాంతాల తుపాకి పనివారు గొట్టం లోపల మరచుట్టు వంటి గాడులు తొలిచారు. ఆ గాడులలో బిగువుగా పోయే గుండు తనచుట్టు తాను తిరుగుతూ బయటకు వస్తుంది. తిరిగే బొంగరం మేకు మీద నిలబడుతుంది. తిరుగుడు తగ్గగానే తూలి పడుతుంది. గుండు విషయమూ అంతే. వేగంగా తిరిగే గుండు తన ఇరుసు దిశను మార్చుకొనక ముందుకు సాగుతుంది. ఇట్టి గాడులు గల తుపాకికే రైఫిలు అని పేరు.

పనివారు అనుభవంతో కనుగొన్న ఈ సంగతికి శాస్త్రీయమైన కారణం చెప్పినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు. 1742లో ఆయన ఫిరంగి శాస్త్రంపై ఒక గ్రంథం ప్రకటించాడు. వ్రేలాడగట్టిన కొయ్య దిమ్మపైకి గుండు కొట్టి, ఆ దిమ్మ ఊగిన దూరాన్నిబట్టి గుండు వేగాన్ని లెక్కకట్టే ఉపాయాన్ని అందులో వివరించాడు. గాలి గుండుకు కలిగించే నిరోధం అంతవరకు అనుకొన్న దానికంటె ఎన్నో రెట్లు అధికమని చూపించాడు. ఆయన చేసిన మరొక ప్రయోగం చాలా విచిత్రమైనది. ఒక తుపాకి గొట్టం కొసను కొంచెం ఎడమకు వంచి కాల్చాడు. గుండు మొదట ఎడమకే పోయింది. కాని దూరం పోయినకొద్దీ కుడివైపుకు మళ్ళింది. వంకర గొట్టంలో ఒక గోడను రాసుకొని రావడం వల్ల గుండుకు కలిగిన పొర్లుడే దీనికి కారణమని ఆయన నిరూపించాడు. 1747లో లండను రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో, రైఫిలు గొట్టపు స్వభావాన్ని ముందుగా గ్రహించిన దేశానికి యుద్ధంలో పైచేయి లభించగలదని వ్రాశాడు.

ఈ రాబిన్సుకు దక్షిణ భారతంతో సంబంధం కలదు. ఈస్టిండియా కంపెనీ తన కోటలను బాగుచేయించడానికి ఆయనను ఇంజనీరుగా నియమించింది. 1750లో ఆయన ఇక్కడకు వచ్చాడు. మరుసటి సంవత్సరమే, 1751 జూలైలో, కడలూరు వద్ద సెంట్ డేవిడ్ కోటలో జ్వరంతో మరణించాడు.

బిగువు తెచ్చిన చిక్కు

గాడులు ఫలించాలంటే గుండు బిగువుగా ఉండాలి. బిగువుగా ఉంటే మూతి వైపునుండి దానిని లోపలికి దించడం కష్టం. సుత్తితో కొట్టి దించవలసి వచ్చేది. ఒక దెబ్బ కాల్చేందుకు పట్టే కాలంలో నున్నగొట్టం తుపాకివాడు మూడు దెబ్బలు కాల్చేవాడు. అందువల్ల చాలాకాలం రైఫిలు సైనికుని ఆయుధం కాలేదు. తొందరలేని వేటగాని చేతిలోనే పెరిగింది.

ఈ చిక్కును 1849లో ఫ్రెంచి అధికారి మినియే విడదీశాడు. ఆయన తూటా గుండ్రని గుండు కాదు. ముందు మొనదేలి, అడుగున బోలుగా ఉంటుంది. గొట్టంలోకి సులువుగా జారుతుంది. మందు పేలగానే ఆ వాయువుల ఒత్తిడికి అడుగుభాగం విచ్చుకొని గాడులను పట్టుకొంటుంది. ఇంగ్లండులో 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు ఈ సూత్రం మీదనే తయారైనది. సీసం గాడులలో అంటుకొనకుండ తూటాకాగితానికి కొవ్వు పూసేవారు. ఆ కాగితాన్ని పంటితో చించవలెను. ఆ కొవ్వు ఆవుదనీ పందిదనీ సిపాయిలలో పుట్టిన అనుమానం 1857లో ఎంత పని చేసిందో అందరూ ఎరిగినదే.

వేటగాని మరొక బాధను తీర్చినవాడు స్కాట్లండుకు చెందిన మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్. ఆయనకు బాతులవేట ఇష్టం. చెకుముకి రాయి తుపాకిలో ముందు పళ్ళెంలోని మందు భగ్గున మండుతుంది. తరువాత లోపలి మందు అంటుకొంటుంది. ఆ నడిమి క్షణంలో మెరుపు చూసి పిట్టలు ఎగిరిపోయేవి. దెబ్బ తగిలితే తనంతట తానే పేలే రసాయన పదార్థాన్ని వాడి ఆయన ఆ ఆలస్యాన్ని తొలగించాడు. 1807లో దీనికి పేటెంటు పొందాడు. తరువాత వచ్చిన లోహపు తూటాల అడుగున ఉండే టోపీకి ఇదే మూలం.

కుమాయూను బాలుడు

ఈ మార్పులన్నీ ఒక బాలుని చేతిలో ఎట్లు కనబడినవో తెలుసుకొనడానికి జిమ్ కార్బెట్ కథ చక్కని ఉదాహరణ. ఆయన 1875లో నైనితాలులో జన్మించాడు. ఆరేళ్ళు నిండకముందే తండ్రి పోయాడు. మొదట ఉండేలుతో పిట్టలను కొట్టడం నేర్చాడు. సుమారు ఎనిమిదేళ్ళ వయస్సులో ఒక బంధువు ఆయనకు పాత జోడుగొట్టాల తుపాకిని ఇచ్చాడు. అది మూతివైపు నుండి మందు దట్టించేది. రెండింటిలో ఒక గొట్టం పగిలిపోయి ఉన్నది. కొయ్యభాగాన్ని ఇత్తడి తీగతో బిగించి కట్టారు. పనికివచ్చే గొట్టం ఒక్కటే కావడంతో ప్రతి దెబ్బకు ముందు జాగ్రత్తగా ఆలోచించుకోవడం ఆ బాలునికి అలవాటైంది. ఒక్క దెబ్బ మాత్రమే ఉన్న తుపాకి కొత్తవానికి మంచి గురువు అన్న మాట తరువాతి కాలంలో అనేకులు అంగీకరించారు.

పదేళ్ళ ప్రాయంలో పాఠశాల కేడెట్ దళంలో చేరిన కార్బెట్‌కు 450 మార్టిని రైఫిలు ఎరువుగా లభించింది. గొట్టం వ్యాసం అంగుళంలో వెయ్యింట 450 వంతులన్నమాట. దానితోనే ఆయన మొదటి చిరుతపులిని కొట్టాడు. 1953లో వెలువడిన 'జంగిల్ లోర్' అనే గ్రంథంలో ఆయన ఈ విషయాలు వివరించాడు. కాని ఆ మార్టిని రైఫిలు బాలుని కొరకు తయారైనది కాదు. బ్రిటిష్ సైన్యం 1871లో స్వీకరించిన ఆయుధమది. దాని తన్ను పెద్దవారినే బాధించేది.

తన్ను ఎంత?

తుపాకి ఎందుకు తన్నుతుందో న్యూటన్ మూడవ సూత్రం చెబుతుంది. తూటాకు ముందుకు ఎంత ద్రవ్యవేగం కలుగుతుందో తుపాకికి వెనుకకు అంతే కలుగుతుంది. లెక్క సులభం. మార్టిని తూటా బరువు సుమారు 31 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 410 మీటర్లు. ఈ రెంటినీ గుణిస్తే 12,710 వస్తుంది. తుపాకి బరువు 4,000 గ్రాములనుకొంటే అది సెకనుకు సుమారు 3.2 మీటర్ల వేగంతో భుజంపైకి వస్తుంది. దాని శక్తి 20 జౌళ్ళు. మందు వాయువుల వల్ల కలిగే తన్ను దీనికి అదనం.

ఇప్పుడు 22 రైఫిలును చూడవచ్చును. దాని తూటా 2.6 గ్రాములు, వేగం 330 మీటర్లు. తుపాకి 2,500 గ్రాములైతే వెనుకకు వచ్చే వేగం సెకనుకు 0.34 మీటరు. శక్తి 0.15 జౌలు మాత్రమే. అనగా మార్టిని తన్ను దీనికి నూటికి పైగా రెట్లు.

ఈ అంకెలలో భుజం నొప్పి కంటె ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. తన్నుకు భయపడిన బాలుడు మీట నొక్కే క్షణంలోనే కన్ను మూస్తాడు, భుజం బిగిస్తాడు. తుపాకి మూతి కదులుతుంది. ఈ ఉలికిపాటు ఒకసారి అలవాటైతే తొలగించడం బహు కష్టం. బలమైన తుపాకి ఇచ్చినంత మాత్రాన దెబ్బ బలంగా తగలదు. గురి తప్పిన పెద్ద తూటా కంటె గురి తగిలిన చిన్న తూటాయే జంతువును బాధలేకుండ పడగొడుతుంది.

పొగలేని మందు

పెద్ద తూటా అవసరం తగ్గడానికి రసాయనశాస్త్రం తోడ్పడింది. నల్లమందు మండినప్పుడు దానిలో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలి పొగగా, మసిగా మారుతుంది. వాయువు తక్కువ కనుక తూటాకు వేగం తక్కువ. వేగం తక్కువైనచోట దెబ్బకు బలం రావాలంటే తూటా బరువు పెంచక తప్పదు. 1884లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు పాల్ వియే పొగలేని మందును కనుగొన్నాడు. 1889లో ఇంగ్లండులో ఏబెల్, డ్యువార్ అనువారు కార్డైటును తయారుచేశారు. తూటా చిన్నదై, వేగం రెట్టింపైంది.

275 రిగ్బీ అనే రైఫిలు ఈ మార్పుకు మంచి నిదర్శనం. జర్మనీలో మౌజర్ సంస్థ రూపొందించిన 7 మిల్లీమీటర్ల తూటాకు ఇంగ్లండులో ఇచ్చిన పేరది. తూటా బరువు 9 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 820 మీటర్లు. 3,400 గ్రాముల తుపాకిలో దీని తన్ను సుమారు 8 జౌళ్ళు. మార్టిని తన్నులో సగం కూడ లేదు. వేగం వల్ల మరొక లాభం కలదు. గాలి నిరోధాన్ని విడిచిపెట్టి లెక్కిస్తే, 100 మీటర్లు పోయేలోపల మార్టిని తూటా 29 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. రిగ్బీ తూటా 7 సెంటీమీటర్లే దిగుతుంది. కాలం సగమైతే పడే దూరం నాలుగవ వంతు అవుతుందన్న గెలీలియో సూత్రమే ఇందులో పనిచేస్తున్నది. దూరాన్ని సరిగా అంచనా వేయలేని కొత్త వేటగానికి ఇది గొప్ప సహాయం.

చంపావత్ పులి

1907లో కార్బెట్‌కు ఇట్టి 275 రైఫిలు బహుమతిగా లభించింది. చంపావత్ ప్రాంతంలో మనుష్యులను తింటున్న ఆడపులిని చంపినందుకు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ దానిని బహూకరించాడు. ఆ పులి నేపాళంలోను, కుమాయూనులోను కలిపి 436 మందిని చంపినట్లు కార్బెట్ వ్రాశాడు.

ఆ వేట ముగిసిన తీరు కూడ ఆయుధాల ఎన్నికను గూర్చి పాఠం చెబుతుంది. కార్బెట్ 500 కార్డైటు రైఫిలుకు మూడే తూటాలు వెంట తీసుకొనిపోయాడు. అవి అయిపోయినవి. గాయపడిన పులి ఎదురుగా ఉండగా, పరుగున పోయి తహసీల్దారు తుపాకిని తెచ్చుకొన్నాడు. దగ్గరకు పోయి గురిపెట్టినప్పుడు, గొట్టాలకూ వెనుక దిమ్మకూ నడుమ సందు ఉన్నట్లు కనబడింది. అయినా కాల్చక తప్పలేదు. నోటికి గురిపెట్టిన తూటా పాదానికి తగిలింది. అప్పటికే ముందటి దెబ్బలతో కొన ఊపిరిలో ఉన్న పులి ఒరిగిపోయింది.

తరువాత పులి నోరు తెరచి చూసినప్పుడు అసలు కారణం బయటపడింది. కుడివైపు పై కోరపల్లు సగానికి, కింది కోరపల్లు ఎముకదాక విరిగి ఉన్నవి. అది పాత తుపాకి గాయం. ఎప్పుడో ఎవరో గురి సరిగా కుదరకుండ కొట్టిన దెబ్బ. ఆ కోరలు లేక సహజమైన ఆహారాన్ని పట్టుకొనలేకనే ఆ పులి మనుష్యుల మీద పడిందని కార్బెట్ నిర్ణయించాడు. ఆ తుపాకి పట్టినవాని పేరు చరిత్రలో లేదు. వాని ఒక్క దెబ్బ ఫలితం మాత్రం 436 కుటుంబాలలో నిలిచిపోయింది. గురి నేర్వకుండ అడవిలోకి పోరాదని పెద్దలు చెప్పే మాటకు ఇంతకంటె బలమైన సాక్ష్యం అక్కరలేదు.

కంటికి సాయం

తుపాకికి వెనుక ఒక నొక్కు, ముందు ఒక గింజ ఉంటాయి. ఈ రెంటినీ లక్ష్యంతో ఒకే వరుసలోకి తేవాలి. మూడూ మూడు దూరాలలో ఉన్నవి. కన్ను ఒక్కసారి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. ఈ కష్టాన్ని దుర్భిణి తీరుస్తుంది.

గెలీలియో దుర్భిణిలో కంటివైపు పుటాకార కటకం ఉండేది. 1611లో కెప్లర్ రెండు కుంభాకార కటకాలతో దుర్భిణిని సూచించాడు. ఇందులో బింబం గొట్టం లోపలనే ఏర్పడుతుంది. సుమారు 1640లో విలియం గాస్కాయిన్ అనే ఆంగ్ల యువకుడు తన దుర్భిణిలో ఒక సాలెపోగు బింబంతోపాటు స్పష్టంగా కనబడటం గమనించాడు. బింబం ఏర్పడే చోటనే దారం ఉంటే రెండూ ఒకే దూరంలో ఉన్నట్లు కనబడతాయి. నేటి తుపాకి దుర్భిణిలోని నిలువు, అడ్డు గీతలకు ఇదే మూలం. గాస్కాయిన్ 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో మరణించాడు. ఆయన ఉపాయం చాలాకాలం నక్షత్రాలను కొలిచే యంత్రాలకే పరిమితమైంది.

1776లో ఫిలడెల్ఫియా చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ రైఫిలు మీద దుర్భిణిని అమర్చి చూశాడు. తుపాకి తన్నినప్పుడు అది కంటికి కొట్టుకొన్నది. తన్నుకూ, చూపుకూ గల సంబంధం మొదటి ప్రయత్నంలోనే బయటపడిందన్నమాట. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో విట్‌వర్త్ రైఫిళ్ళకు డేవిడ్సన్ దుర్భిణిని పక్కన అమర్చి వాడారు. 1880లో ఆస్ట్రియాలో అగస్ట్ ఫీడ్లర్ అనే అటవీ అధికారి వేటకు పనికివచ్చే దుర్భిణిని తయారుచేశాడు. 1930లో అమెరికాలో వీవర్ చవకైన దుర్భిణిని అమ్మడంతో సామాన్య వేటగానికీ అది అందుబాటులోకి వచ్చింది.

అప్పటికీ ఒక లోపం మిగిలింది. గాజు తలం ఒక్కొక్కటి తనపై పడిన వెలుగులో నూటికి సుమారు 4 వంతులు వెనుకకు తిప్పివేస్తుంది. పది తలాలు దాటేసరికి మూడవ వంతు వెలుగు నశిస్తుంది. 1935లో జైస్ సంస్థలో స్మకూలా అనే శాస్త్రజ్ఞుడు గాజుమీద అతి పలుచని పూత పూసి ఈ నష్టాన్ని తగ్గించాడు.

ఎక్కువ పెద్దదిగా చూపే దుర్భిణియే మంచిదని కొత్తవారు భ్రమపడతారు. ముందు కటకం వ్యాసాన్ని వృద్ధితో భాగిస్తే కంటిలోకి వచ్చే వెలుగుధార వ్యాసం తెలుస్తుంది. 32 మిల్లీమీటర్ల కటకం నాలుగు రెట్లు చూపితే 8 మిల్లీమీటర్లు. పన్నెండు రెట్లు చూపితే 2.7 మిల్లీమీటర్లే. మసకచీకటిలో కంటిపాప 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకొంటుంది. కనుక రెండవదానిలో దృశ్యం చీకటిగా ఉంటుంది. దానికితోడు చేతి వణుకు కూడ పన్నెండు రెట్లు కనబడుతుంది. చూపులో పడే ప్రదేశం చిన్నదై జంతువే దొరకదు. బాలునికి నాలుగు రెట్ల దుర్భిణి చాలునన్న సలహాకు కారణం ఇదే. కంటికీ దుర్భిణికీ నడుమ సుమారు 9 సెంటీమీటర్ల ఎడం ఉండటం మరింత ముఖ్యం. పీల్ అనుభవం మరువరాదు.

అనుభవం చెప్పిన క్రమం

ఇంత చరిత్ర తరువాత పెద్దలు పిల్లలకు పాటించే క్రమం ఒకటి ఏర్పడింది. మొదట గాలితుపాకి గాని, ఒక్క తూటా పట్టే 22 రైఫిలు గాని ఇస్తారు. దుర్భిణి లేకుండనే నొక్కు, గింజ కలపడం నేర్పుతారు. తుపాకి మడమ మోచేతి మడత కానుకొన్నప్పుడు వేలు మీటకు అందవలెను. అందకపోతే కొయ్యను కురచ చేయిస్తారు. వేలాది దెబ్బలు కాగితం గురిమీద కొట్టిన తరువాతనే పెద్ద రైఫిలు ముట్టనిస్తారు. అప్పుడైనా తన్ను తక్కువ గలదానినే ఎన్నుతారు. 1955లో వెలువడిన 243 వించెస్టర్ తూటా బరువు 6.5 గ్రాములు, తన్ను సుమారు 5 జౌళ్ళు. జింక వేటకు అది చాలుతుంది గనుక పిల్లల రైఫిలుగా పేరుపొందింది. 1949లో న్యూయార్కు రాష్ట్రం కొత్తగా లైసెన్సు కోరే బాలవేటగాళ్ళు ముందు శిక్షణ పొందితీరాలని నిర్ణయించింది. తుపాకి ఎంపిక ఇంటి పెద్దల పని. కాని దానిని ఎక్కుపెట్టరాని సందర్భం తెలియడం సంఘానికి సంబంధించిన పని అయింది.

భారతదేశంలో ఈ కథ మరొక మలుపు తిరిగింది. 1959 నాటి ఆయుధాల చట్టం, తరువాతి సవరణ ప్రకారం, 21 సంవత్సరాలు నిండనివారికి తుపాకి సంపాదించుకొనే హక్కు ఇవ్వలేదు. శిక్షణకు మాత్రం నియమాలతో వీలు కల్పించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను అరికట్టింది. ఇక్కడి బాలునికి మిగిలిన లక్ష్యం కాగితపు గురి ఒక్కటే. అది చిన్న లక్ష్యమేమీ కాదు. పది మీటర్ల గాలిరైఫిలు పోటీలో నడిమి చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. కొట్టే గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. దుర్భిణి వాడరాదు. 2012లో లండను ఒలింపిక్సులో ఈ పోటీలోనే హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ కాంస్య పతకం గెలిచాడు.

కార్బెట్ కూడ చివరకు రైఫిలు కంటె కెమెరానే ఎక్కువగా చేపట్టాడు. 1936లో ఆయన తోడ్పాటుతో కుమాయూను అడవులలో భారతదేశపు మొదటి జాతీయవనం ఏర్పడింది. 1955లో ఆయన మరణించిన తరువాత దానికి ఆయన పేరే పెట్టారు. పగిలిన గొట్టపు తుపాకితో ఆ బాలుడు అలవరచుకొన్న ఓర్పు, నిశ్చలమైన చేయి, మీట నొక్కడానికి ముందు ఒక్క క్షణం ఆలోచించే అలవాటు కెమెరాకు కూడ అంతే అవసరమైనవి.